పోయిన బంతి పోనీ!

ఆదివారం పూట అక్కడ గోల్ఫ్ ఆడరు.

ప్రపంచంలో ఏ మూల గోల్ఫ్ కర్ర పట్టినవాడైనా బతుకులో ఒక్కసారి అడుగుపెట్టాలనుకునే మైదానం అది. అమెరికా నుంచీ జపాన్ నుంచీ పనిగట్టుకుని విమానాలెక్కి వస్తారు. అయినా సరే ఆదివారం వచ్చిందంటే స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు ఊరివాళ్ల పార్కయిపోతుంది. పిల్లల్ని బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ అమ్మలూ, కుక్కల్ని తిప్పుతూ తాతయ్యలూ, ఐస్‌క్రీమ్ చప్పరిస్తూ కాలేజీ కుర్రాళ్లూ. ఏవో ఒకటి రెండు పెద్ద పోటీలప్పుడు తప్ప ఈ నియమం మారదు. నేను మొదటిసారి ఆ పచ్చిక మీద కాలుపెట్టింది అలాంటి ఆదివారం నాడే. మే నెల. మన దగ్గర రోళ్లు పగిలే ఎండలు. అక్కడ మాత్రం సముద్రం మీంచి వచ్చే గాలికి చెవులు గడ్డకట్టుకుపోతున్నాయి.

నాకు గోల్ఫ్ రాదు. హైదరాబాద్‌లో గోల్కొండ నయాఖిల్లా పక్కనుంచి వెళ్లినప్పుడు ఆ పచ్చదనాన్ని చూసి ‘అబ్బ, ఎంత నీళ్లు పోస్తున్నారో’ అనుకోవడమే తప్ప, లోపల ఏం ఆడతారో తెలీదు. నన్ను ఇక్కడికి లాక్కొచ్చింది మా బావ. డండీలో డాక్టరు. టే నది మీద వంతెన దాటితే అక్కడి నుంచి సెయింట్ ఆండ్రూస్ ఇరవై కిలోమీటర్లు. పదేళ్ల నుంచి గోల్ఫ్ ఆడుతున్నాడు. ఓల్డ్ కోర్సులో ఆడాలంటే ముందు లాటరీలో పేరు రావాలి. ఆటకి రెండు రోజుల ముందు డ్రా తీస్తారు. బావ ఎన్నిసార్లు పేరిచ్చాడో లెక్కలేదు. నేను వెళ్లిన శనివారం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: సోమవారం పొద్దున ఆడొచ్చని. ఆ రోజు స్కూళ్లకి సెలవు కూడా.

బావ వంటింట్లో గంతులేశాడు. అక్క టీ వడపోస్తూ ‘శుభం’ అంది. వాళ్లమ్మాయికి పదమూడేళ్లు. అది మాత్రం సోఫాలోంచి తలెత్తలేదు.

తర్వాత అక్క మెల్లగా చెప్పింది. మేనకోడలు కూడా ఏడాది క్రితం వరకూ గోల్ఫ్ ఆడేదట. బాగానే ఆడేదట. కానీ ఆట అయ్యాక కారెక్కితే ఇంటికి చేరేదాకా బావ ఊరుకునేవాడు కాదు. ‘ఆ నాలుగో దాంట్లో అలా ఎందుకు కొట్టావ్? తొమ్మిదో దాంట్లో తలెందుకెత్తావ్?’ పోయిన షాట్లన్నీ వరసగా మళ్లీ ఆడించేవాడు. ఓ రోజు అది ఏమీ మాట్లాడకుండా గోల్ఫ్ సంచీని గ్యారేజీలో పెట్టి తలుపేసి వచ్చేసింది. అంతే! మళ్లీ తియ్యలేదు.

‘ఆయన తనని తాను కూడా అలాగే తింటాడ్రా’ అంది అక్క. ‘ఇంటర్ ఫిజిక్స్‌లో పోయిన రెండు మార్కుల గురించి ఇప్పటికీ చెబుతాడు.’

నాకు నవ్వొచ్చింది కానీ, నేనూ తక్కువేం తినలేదు. డెస్కులో చేరిన మొదటి ఏడాది రెండు ఫొటోల కింద వ్యాఖ్యలు తారుమారు చేశాను. వందేళ్లు నిండిన పెద్దాయన బొమ్మ కింద సంతాప వార్త అచ్చయింది. మర్నాడు ఆ పెద్దాయనే ఫోన్ చేసి, ‘నాయనా, నేనింకా ఉన్నాను, కంగారుపడకు’ అని పకపకా నవ్వాడు. ఆయన ఆ రోజే మర్చిపోయి ఉంటాడు. నాకు ఇప్పటికీ ఒక్కోరాత్రి మెలకువ వస్తుంది.

కుందేళ్లు తవ్విన మైదానం

ఆదివారం సాయంత్రం నలుగురం ఆ మైదానమంతా నడిచాం. అద్దంలా చదునుగా కత్తిరించిన పచ్చికను ఊహించుకుని వెళ్తే నిరాశే. చెట్లుండవు. సముద్రపు ఒడ్డున ఎగుడుదిగుడు నేల, పసుపు పూల ముళ్లపొదలు, మధ్యమధ్య మనిషి లోతు ఇసుక గుంతలు. ఆ గుంతల్నే బంకర్లంటారు. మొత్తం 112 ఉన్నాయి. గాలికి వణికిపోతూ గొర్రెలు ఒదిగి పడుకున్నచోటల్లా, కుందేళ్లు బొరియలు తవ్వినచోటల్లా ఇసుక బయటపడి అవి ఏర్పడ్డాయని చెబుతారు. అంటే గోల్ఫ్ ఆటగాళ్లని మూడు చెరువుల నీళ్లు తాగిస్తున్న డిజైనర్లు గొర్రెలూ కుందేళ్లూ అన్నమాట!

ఇక్కడ ఆట ఎప్పుడు మొదలైందో ఇదమిత్థంగా చెప్పడం కష్టం. 1457లో స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ హయాంలో గోల్ఫ్‌ని, ఫుట్‌బాల్‌ని నిషేధిస్తూ చట్టం చేశారు. జనం ఈ ఆటల పిచ్చిలో పడి విలువిద్య మానేస్తున్నారని బాధ. నిషేధించారంటే అప్పటికే బాగా ముదిరిందనేగా! 1552లో ఇక్కడి ఆర్చిబిషప్ ఈ ఇసుక నేల మీద ఆడుకునే హక్కు ఊరివాళ్లదేనని రాసిచ్చాడు. కుందేళ్లు పెంచుకునే హక్కు మాత్రం తనకే ఉంచుకున్నాడు. ఇప్పటికీ ఈ మైదానం ప్రజల ఆస్తే. ఒక ట్రస్టు దాని బాగోగులు చూస్తుంది. మొదటి హోల్, చివరి హోల్ మీదుగా అడ్డంగా ఓ వీధి ఉంది. బంతి కొట్టబోతున్న పెద్దమనిషి సముద్రానికి వెళ్లే స్కూలు పిల్లల కోసం ఆగాల్సిందే.

గోల్ఫ్‌కి పద్దెనిమిది హోల్స్ అన్న లెక్క కూడా ఈ ఊరిదే. మొదట్లో ఇక్కడ ఆటంటే 22. పొట్టిగా ఉన్న కొన్నిటిని 1764లో కలిపేస్తే 18 అయ్యాయి. మిగతా ప్రపంచం దాన్నే పట్టుకుంది. వెళ్లేవాళ్లకీ వచ్చేవాళ్లకీ ఒకే గ్రీన్ ఉండటం ఇంకో తమాషా. గ్రీన్ అంటే జెండా పాతి ఉండే నున్నటి పచ్చిక. రెండో హోల్‌కీ పదహారోదానికీ ఒకటి. మూడోదానికీ పదిహేనోదానికీ ఒకటి. ఇలా ఏడు జంటలున్నాయి. ఏ జంటని కూడినా 18 వస్తుంది. ఈ సంగతి కనిపెట్టి చెప్పింది మేనకోడలే. ఆ సాయంత్రం అది మాట్లాడిన మొదటి మాట.

చింపేసిన కార్డు

నది సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్లి వెనక్కి తిరగాలి. అక్కడుంది పదకొండో హోల్. బావ ఆగాడు. ‘ఇక్కడే బాబీ జోన్స్ ఆట వదిలేసి పోయాడు’ అన్నాడు.

గోల్ఫ్ తెలియనివాళ్లకి బాబీ జోన్స్ ఎవరో చెప్పాలి. అట్లాంటాకు చెందిన లాయరు. డబ్బు కోసం ఎన్నడూ ఆడలేదు. 1930లో అప్పటికున్న నాలుగు పెద్ద పోటీలనీ ఒకే ఏడాది గెలిచి, ఇరవై ఎనిమిదేళ్లకే పోటీల నుంచి తప్పుకున్నాడు. అంతటివాడు 1921లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఓపెన్ పోటీ కోసం మొదటిసారి ఈ ఊరొచ్చాడు. మూడో రౌండులో అంతా ఎదురు తిరిగింది. సగం ఆటకే 46 దెబ్బలు. పదకొండో హోల్‌లో బంతి బంకర్లో పడింది. కొట్టాడు, రాలేదు. మళ్లీ కొట్టాడు, రాలేదు. కోపం తలకెక్కింది. ఇక లెక్క రాయడం మానేశాడు. స్కోరు కార్డు చించి పారేశాడంటారు. పోటీ నుంచి బయటికి పోయినట్టే. ఆ పని గురించి తర్వాత జీవితమంతా సిగ్గుపడ్డాడు.

ఆరేళ్లకి, 1927లో, మళ్లీ ఇదే మైదానానికి వచ్చి ఓపెన్ గెలిచాడు. కప్పుని తనతో అమెరికా తీసుకుపోకుండా ఈ ఊళ్లోనే ఉంచమన్నాడు. 1930లో గెలిచిన నాలుగింట్లో మొదటిది కూడా ఇక్కడే. 1958లో ఊరు ఆయనకి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. అంతకుముందు ఆ గౌరవం దక్కిన అమెరికన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే. అప్పటికే వెన్నుపాము జబ్బుతో జోన్స్ సరిగ్గా నడవలేకపోతున్నాడు. పదో హోల్‌కి ఇప్పుడు ఆయన పేరే.

‘అంటే కార్డు చింపినా పర్లేదన్నమాట’ అంది మేనకోడలు.

‘పర్లేదని ఎవరన్నారు?’ అన్నాడు బావ గయ్‌మని. అది మళ్లీ నోరు మూసుకుంది. అక్క నావైపు చూసింది.

నాకు మాత్రం అది అడిగింది న్యాయమే అనిపించింది. పాడైన షాట్‌ని వదిలేయడం వేరు, ఆటనే వదిలేయడం వేరు. జోన్స్ ఆ రోజు వదల్లేకపోయింది మొదటిది. వదిలేసింది రెండోది. పదమూడేళ్ల పిల్ల గ్యారేజీ తలుపేసిన రోజు జరిగింది కూడా ఇలాంటిదే కాదూ? దానిచేత తలుపు వేయించిన మనిషి నా పక్కనే నిలబడి చరిత్ర చెబుతున్నాడు!

ఏడు తప్పుల మనిషి

ఈ మైదానం నిండా ఇలాంటి కథలే. 1970లో డగ్ శాండర్స్ అనే ఆయన ఓపెన్ గెలవడానికి చివరి హోల్‌లో మూడడుగులైనా లేని దూరం నుంచి బంతిని దొర్లించాలి. మన ఇంట్లో పిల్లాడు గోళీ వేసినంత దూరం. పక్కనుంచి పోయింది. మర్నాడు జరిగిన అదనపు ఆటలో జాక్ నిక్లస్ చేతిలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఎవరో ‘ఇప్పటికీ అది గుర్తొస్తుందా?’ అని అడిగితే, ఒక్కోసారి ఐదేసి నిమిషాలు గుర్తురాకుండా గడిచిపోతుంటుందని చెప్పాడట. నవ్వుతూనే చెప్పాడట. 2020లో పోయాడు.

1978లో జపాన్‌కి చెందిన నకజిమ పదిహేడో హోల్‌లో రెండు దెబ్బలకే గ్రీన్ మీదికి చేరాడు. మూడోది మెల్లగా దొర్లించాడు. అది జెండా వైపు పోకుండా వాలులో జారి పక్కనున్న బంకర్లోకి దిగింది. బయటికి తియ్యడానికి నాలుగు దెబ్బలు. మొత్తం తొమ్మిది. ఆ ఇసుకకి ఆయన పేరు పెట్టేశారు ఇక్కడివాళ్లు.

నాకు అందరికంటే నచ్చింది ఇటలీకి చెందిన కొస్తాంతీనో రోకా. 1995 ఓపెన్. చివరి హోల్‌లో ఒక దెబ్బ మిగిల్చుకుంటే జాన్ డేలీతో సమానం. గ్రీన్ దగ్గరికి వచ్చేశాడు. అక్కడి నుంచి బంతిని కొద్దిగా ఎత్తి వెయ్యాలి, అంతే. కర్ర నేలకు తగిలింది. బంతి నాలుగడుగులు పోయి గ్రీన్ ముందున్న పల్లంలోకి వెనక్కి జారింది. ప్రపంచమంతా టీవీల్లో చూస్తుండగా కొత్తగా నేర్చుకునేవాడి తప్పు చేశాడు. ఇంకొకరైతే కుప్పకూలిపోయేవారు. రోకా ఆ పల్లంలోంచే అరవై అడుగులకు పైగా దొర్లించాడు. గుంతలో పడింది! రోకా నేల మీద బోర్లా పడి రెండు చేతులతో పచ్చికని కొట్టాడు. తర్వాత అదనపు ఆటలో ఓడిపోయాడు, నకజిమ ఇసుకలోనే ఇరుక్కుని. అయినా ఈనాటికీ ఆ ఏడాది పేరెత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది ఆ అరవై అడుగులే.

దీనికో లెక్క కూడా ఉంది. రోజూ ఇదే పనిగా ఆడే అగ్రశ్రేణి ఆటగాళ్లు కూడా ఎనిమిది అడుగుల దూరం నుంచి రెండుసార్లు కొడితే ఒకసారే గుంతలో వేస్తారు. కోట్లు సంపాదించేవాళ్ల సంగతే అదైతే వారానికోసారి ఆడే డాక్టర్లూ, బ్యాంకు మేనేజర్లూ ఎంత? 1922లో ఓపెన్ గెలిచి ఆ కప్పు అందుకున్న తొలి అమెరికా గడ్డ బిడ్డ అనిపించుకున్న వాల్టర్ హేగన్, ప్రతి ఆటలోనూ ఏడు చెత్త షాట్లు పడతాయని ముందే లెక్క వేసుకునేవాడట. ఒకటి పడగానే ‘ఏడింట్లో ఒకటి అయిపోయింది’ అనుకుని ముందుకు నడిచేవాడట. పదకొండు పెద్ద పోటీలు గెలిచిన మనిషి లెక్క ఏడు. నాలాంటివాడు డెబ్బై వేసుకోవాలేమో.

సోమవారం పొద్దున

మొదటి షాట్ కొట్టే చోటు ఊరి నడిబొడ్డున ఉంటుంది. వెనకాల 1754లో పుట్టిన క్లబ్బు రాతి భవనం. పక్కన కంచె. కంచె వెంబడి టూరిస్టులు. ముందు గోల్ఫ్ ప్రపంచంలోకెల్లా వెడల్పైన పచ్చిక. గుడ్డివాడు కొట్టినా తప్పదంటారు. బావతో పాటు ఆడేది ఆయనతో పనిచేసే స్కాట్లాండ్ డాక్టరు. ఇద్దరికీ కలిపి ఓ ముసలి కేడీ. కేడీ అంటే సంచీ మోసే మనిషి అనుకునేరు. ఈ ఊళ్లో కేడీ అంటే సగం గురువు. ఆయన ఇంగ్లిషు నాకు పదింట్లో మూడు ముక్కలే అర్థమయ్యాయి. ఆటగాళ్ల వెంట నడవడానికి మేనకోడలూ నేనూ సిద్ధమయ్యాం. అది రావడానికి ఒప్పుకోవడమే ఆశ్చర్యం. నేను ఒంటరిగా తప్పిపోతానని జాలిపడిందట.

స్నేహితుడు ‘పాయింట్లలో ఆడుకుందాం’ అన్నాడు. బావ ఒప్పుకోలేదు. ‘ఓల్డ్ కోర్సులో నా స్కోరెంతో లెక్క ఉండాల్సిందే’ అన్నాడు.

అందరూ చూస్తుండగా కర్ర ఎత్తి కొట్టాడు. బంతి నెత్తి మీద తగిలింది. నలభై గజాలు దొర్లి ఆగింది. కంచె దగ్గర ఎవరో మర్యాదగా దగ్గారు.

కేడీ ఒక్క మాట అనలేదు. మొహంలో ఏ మార్పూ లేదు. కర్ర తీసుకున్నాడు. తువ్వాలుతో తుడిచాడు, సంచీలో పెట్టాడు, ఇంకోటి తీసి బావ చేతికిచ్చాడు. అప్పటికే నడుస్తున్నాడు కూడా. ఆ రోజంతా గమనించాను. మంచి షాటైనా చెత్త షాటైనా ఆయన చేసే పని అదే. జరిగిపోయినదాని గురించి మాట్లాడటం ఆయన ఉద్యోగంలో లేదు. బంతి ఇప్పుడెక్కడుంది, గాలి ఎటుంది, జెండా ఎంత దూరం, ఇంతే. మా డెస్కులో అలాంటి మనిషి ఒకడుంటే ఎంత బాగుండేదో!

బావ మాత్రం అక్కడే ఉండిపోయాడు. మూడో హోల్‌కి వచ్చినా మొదటి షాట్ గురించే గొణుగుతున్నాడు. కాసేపటికి ఆ గొణుగుడు కూడా ఆగిపోయింది. నిజం చెప్పాలంటే ఏడో హోల్ దాకా చూడటానికి బాగాలేదు. ఆకాశంలో లార్కు పిట్టలు గొంతు చించుకుని పాడుతున్నాయి, పక్కన సముద్రం వెండిలా ఉంది. పదేళ్లు ఎదురుచూసిన మనిషి వాటిల్లో ఒక్కటీ చూడటం లేదు. ఎనిమిదో హోల్ దగ్గర సముద్రపు కాకి ఒకటి ఆయన బంతిని గుడ్డనుకుని ముక్కుతో పొడిచి ఎత్తుకుపోబోయింది. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

పద్నాలుగో హోల్. అక్కడున్న బంకర్ పేరు హెల్. నరకమే. పది అడుగుల లోతు. బావ రెండో దెబ్బకి బంతి సూటిగా అందులోకే పోయింది. మెట్ల దారిన లోపలికి దిగాడు. పైనున్న మాకు టోపీ మాత్రమే కనిపిస్తోంది. ఇసుక ఎగురుతోంది. బంతి రావడం లేదు. ఒకటి... రెండు... మూడు... ఐదో దెబ్బకి బయటపడింది. ఆ తర్వాత గ్రీన్ మీదికి ఒకటి, అక్కడ మూడు. మొత్తం పదకొండు.

ముసలాయన మొట్టమొదటిసారి జరిగిపోయినదాని గురించి నోరు విప్పాడు. అది కూడా బావది కాదు. 1995 ఓపెన్‌లో జాక్ నిక్లస్ ఈ నరకంలోనే దిగబడి ఈ హోల్‌కి పది రాసుకున్నాడని చెప్పాడు. నిక్లస్ అంటే ఇదే మైదానంలో రెండుసార్లు ఓపెన్ గెలిచినవాడు.

బావ వెనక జేబులోంచి స్కోరు కార్డు తీశాడు. రెండు చేతులతో పట్టుకున్నాడు. నాకు గుండె ఝల్లుమంది.

‘బాబీ జోన్స్‌లాగానా, నాన్నా?’ అంది మేనకోడలు. ఎగతాళిగా కాదు. నిజంగానే అడిగింది.

గాలి వీస్తోంది. వెనక ఆడేవాళ్లు ఎదురుచూస్తున్నారు. బావ కాసేపు కార్డు వైపు చూసి, దాన్నీ చిన్న పెన్సిల్‌నీ కూతురి చేతిలో పెట్టాడు. ‘నువ్వు రాయి’ అన్నాడు.

‘పాయింట్లే రాస్తా’ అంది అది.

‘సరే.’

ఈ పాయింట్ల పద్ధతి కనిపెట్టింది కూడా ఓ డాక్టరే. ఫ్రాంక్ స్టేబుల్‌ఫర్డ్ అని ఇంగ్లండ్‌లో సర్జన్. ఒకట్రెండు హోల్స్ పాడవగానే ఆటగాళ్లు కార్డులు చింపుకుని ఇళ్లకు పోతుంటే చూడలేక, 1932లో దీన్ని పోటీల్లోకి తెచ్చాడు. ఉండాల్సినన్ని దెబ్బలకే పూర్తిచేస్తే రెండు పాయింట్లు. ఒకటి ఎక్కువైతే ఒక పాయింటు. రెండు ఎక్కువైనా సరే, ఇరవై ఎక్కువైనా సరే సున్నా. అంతకంటే కిందికి పోదు. ఎవరి స్థాయిని బట్టి వాళ్లకి కొంత మినహాయింపు కూడా ఉంటుంది. ఎంత ఘోరం జరిగినా ఆ హోల్‌తోనే సరి. బంతి జేబులో వేసుకుని తర్వాతి హోల్‌కి నడవొచ్చు. మన పరీక్షల బోర్డువాళ్లు ఈ సర్జన్ గురించి వినలేదనుకుంటా.

మేనకోడలు పద్నాలుగో గడిలో గుండ్రంగా సున్నా చుట్టింది. పదిహేనులో బావ ఒక దెబ్బ ఎక్కువ ఆడాడు. మినహాయింపు కలిపితే రెండు పాయింట్లు. పదహారు సరిగ్గా నాలుగు దెబ్బల్లో పూర్తి. మూడు పాయింట్లు! పదిహేడు సున్నా. అక్కడ ఆటగాళ్లు మూలనున్న హోటల్ షెడ్ల మీదుగా కొట్టాలి. బావ షెడ్డునే కొట్టాడు. ఠంగుమని మోగింది. మోగగానే ఆయన కూతురి వైపు చూసి నవ్వాడు. ఆ రోజు మొదటి నవ్వు. పద్దెనిమిదిలో రోకా పడిన పల్లంలోకే బంతి జారింది. ‘ఇక్కడి నుంచి వెయ్యి నాన్నా, రోకాలాగా’ అని అది కేకేసింది. రోకాలా పడలేదు. మూడు దెబ్బలు పట్టింది. ఇంకో రెండు పాయింట్లు.

అంతకుముందు పదమూడు హోల్స్‌వీ దెబ్బల లెక్కలే ఉన్నాయి. వాటిని పాయింట్లలోకి మార్చనా అని స్నేహితుడు అడిగితే వద్దన్నాడు బావ. చిన్న రాతి వంతెన మీద నలుగురం ఫొటో దిగాం. 2023లో ఈ వంతెన చుట్టూ రాళ్లు పరిస్తే ప్రపంచమంతా గగ్గోలు పెట్టి రోజుల్లోనే తీయించేసింది. అంత ముద్దు దానిమీద.

హిమాలయాల్లో

భోజనాల వేళకి అక్క వచ్చింది. అయ్యాక మేనకోడలు మమ్మల్ని ‘హిమాలయాలకి పోదాం’ అంది. ఓల్డ్ కోర్సు పక్కనే, ఇసుక దిబ్బల మధ్య ఉంటుంది. గుట్టలూ గుంటలూ ఉన్న పచ్చిక. 1867లో మొదలైన మహిళల క్లబ్బు అది. ఆడవాళ్లు కర్రని భుజం దాటి ఎత్తితే పరువు పోతుందనుకునే రోజుల్లో, ఎత్తకుండా బంతిని దొర్లించుకోమని వాళ్లకి ఈ చోటు ఇచ్చారు. ఎదురుగా ఉన్న పెద్ద క్లబ్బు ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకోవడానికి 2014 దాకా ఆగాల్సొచ్చింది! ఈలోగా హిమాలయాలు మాత్రం అందరికీ తలుపులు తెరిచాయి. కొద్ది పౌండ్లు ఇస్తే కర్రా బంతీ ఇస్తారు. గోల్ఫ్ రాకపోయినా పర్లేదు. నాలాంటివాళ్లకి సరిగ్గా సరిపోయింది.

మా పక్కనే ఓ ఎనభై ఏళ్ల ముసలమ్మ మనవడితో పందెం కాస్తోంది. నేను కొట్టిన బంతి గుట్ట ఎక్కి, ఆలోచించుకుని, మళ్లీ నా కాళ్ల దగ్గరికే వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ వచ్చింది. అక్క నవ్వలేక కూర్చుండిపోయింది. మేనకోడలు మాత్రం కుదురుగా నిలబడి, ఒక పెద్ద గుట్ట చుట్టూ బంతిని తిప్పి, ఇరవై అడుగుల దూరం నుంచి ఒక్క దెబ్బలో వేసింది. తర్వాతి దాంట్లో రెండడుగుల నుంచి తప్పింది. బావ నోరు తెరవడం చూశాను. తెరిచిన నోటితో ఆవులించాడు.

‘లెక్క ఎవరు రాస్తున్నారు?’ అంది అక్క కాసేపయ్యాక. ఎవరి దగ్గరా పెన్సిల్ లేదు.

తిరిగొచ్చేటప్పుడు టే వంతెన మీద పొద్దు వాలుతోంది. అక్కడ మేలో రాత్రి తొమ్మిదయితే గానీ చీకటి పడదు. కార్లో ఎవరూ మాట్లాడటం లేదు. బావ గొంతు సవరించుకున్నాడు. ‘ఇందాక ఆ తొమ్మిదో హోల్ దగ్గర...’ అన్నాడు.

అక్క కిటికీ వైపు తిరిగింది. మేనకోడలు చెవిలో పెట్టుకోబోతున్న ఇయర్‌ఫోన్ అలాగే పట్టుకుని ఉండిపోయింది.

‘...ఆ కాకి నా బంతిని ఎత్తుకుపోయుంటే కేడీ ఏం చేసేవాడంటావ్?’

‘ఎనిమిదో హోల్ నాన్నా’ అంది అది. ‘ఇంకో బంతి తీసిచ్చేవాడు.’